పలుపు

అంకె అతను నోటితో చెప్పలేదు. బల్ల మీదున్న పెద్ద మీటల కాలిక్యులేటర్‌ని దగ్గరికి లాక్కుని, నాలుగైదు మీటలు నొక్కి, మెల్లగా నా వైపు తిప్పాడు. 1,35,000. పద్నాలుగేళ్లు మా ఇంటి ముందు వేపచెట్టు నీడలో నిలబడిన తెల్ల కారు ధర అది. నా పక్కన మా ఆవిడ, ఆవిడ పక్కన మా అమ్మాయి. అంకె ముగ్గురికీ కనిపించింది. ఎవరమూ మాట్లాడలేదు.

ఆ నిశ్శబ్దంలో నాకు మా తాతయ్య భుజం మీది తువాలు గుర్తొచ్చింది.

చిన్నప్పుడు ఆయన వెంట పశువుల సంతకు రెండు మూడు సార్లు వెళ్లాను. అక్కడ ధర పైకి అనరు. కొనేవాడూ అమ్మేవాడూ చెయ్యీ చెయ్యీ కలిపి, పైన తువాలు కప్పుకుంటారు. ఆ గుడ్డ కింద వేళ్లు మాట్లాడతాయి. ఒక వేలు పట్టుకుంటే ఒక లెక్క, నాలుగు కలిపి పట్టుకుంటే ఇంకో లెక్క. మొహాలు మాత్రం ఎటో చూస్తుంటాయి. చుట్టూ మూగినవాళ్లకు బేరం తెలియకూడదని ఆ ఏర్పాటు అనుకునేవాణ్ని. పెద్దయ్యాక మరో కారణం తోచింది. నోరు జారిన మాటను వెనక్కి తీసుకోవడం కష్టం. పట్టుకున్న వేలిని వదిలెయ్యడం తేలిక. పరువు పోకుండా మనసు మార్చుకునే వీలు ఆ గుడ్డ ఇస్తుంది. బెజవాడలో ఈ పాత కార్ల షెడ్డులో కాలిక్యులేటర్ చేస్తున్నదీ అదే. ఒక్క మీట నొక్కితే అంకె మాయమవుతుంది. ఎవరూ ఏమీ అననట్టే.

మా కారుది 2011. ఆ మరుసటి ఏడాదితో పదిహేనేళ్లు నిండుతాయి. ఆ తర్వాత ఉంచుకోవాలంటే రిజిస్ట్రేషన్ రెన్యూవల్ చేయించాలి. కారుకి ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు. ఫిట్‌నెస్ చూపించాలి, గ్రీన్ ట్యాక్స్ కట్టాలి, మళ్లీ అయిదేళ్లకు ఇదే వరస. అవి భరించలేనివేమీ కావు. అసలు కారణం మా అమ్మాయి. ఉద్యోగం గుంటూరులో వచ్చింది. రోజూ హైవే మీద వెళ్లి రావాలి. మా బండిలో ఎయిర్‌బ్యాగ్ లేదు, ఏబీఎస్ లేదు. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్, జులై నుంచి డ్రైవర్ వైపు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి చేశారు. అందుకని ఆ జులై తర్వాత తయారైన బండి కోసం చూశాం. పాత బండి ఇచ్చి, పైన కొంత కట్టి, ఏడాదులు తక్కువగా తిరిగిన బండి తెచ్చుకోవాలనుకున్నాం.

ఈ మారకం బేరంలో నన్ను ఇప్పటికీ ఆలోచింపజేసే సంగతి ఒకటుంది. మామూలు బేరంలో మనిషి ఒక వైపే ఉంటాడు. కొనేవాడైతే లోపం వెతుకుతాడు, అమ్మేవాడైతే గుణం చెబుతాడు. మారకంలో అదే మనిషి, అదే గంటలో, అదే కుర్చీలో కూర్చుని రెండు పనులూ చెయ్యాలి. షెడ్డులో ఉన్న బండి చుట్టూ తిరుగుతూ వంగి వంగి చూశాను. మా బండి చుట్టూ వాళ్ల కుర్రాడు తిరుగుతుంటే నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. అతను తలుపు రబ్బరు లాగి చూశాడు. బానెట్ బోల్టుల మీద రంగు చెదిరిందేమోనని వేలితో తడిమాడు. అయిదు నిమిషాల ముందు నేను వాళ్ల బండి మీద చేసిన పని అదే. నేను చేసినప్పుడు జాగ్రత్త అనిపించింది, అతను చేసినప్పుడు అనుమానం అనిపించింది.

రెండు రోజుల క్రితం మేం వచ్చినప్పుడు మారకం మాట ఎత్తలేదు. మేం చూసుకున్న 2019 బండికి అప్పుడు అటూ ఇటూ అయి 5,25,000 దగ్గర ఆగాడు. ఇప్పుడు మా బండికి 1,35,000 అన్నాడు. 1,70,000 అయితే ఇస్తానన్నాను. అతను లోపలి గదిలోకి వెళ్లి వచ్చాడు. మళ్లీ కాలిక్యులేటర్. "సరే మాస్టారూ, మీ మాటే కానివ్వండి. 1,70,000కే తీసుకుంటాను. కాకపోతే మొన్న చెప్పింది వట్టి క్యాష్ రేటు. ఎక్స్చేంజి మీద మా బండి 5,60,000 పడుతుంది."

అడిగిన ధర వచ్చిందన్న సంతోషంలో నేను తల ఊపబోయాను. మా అమ్మాయి చేతిలో ఉన్న బిల్లు వెనక రెండు తీసివేతలు వేసి నా ముందుకు జరిపింది. 5,25,000లోంచి 1,35,000 పోతే 3,90,000. 5,60,000లోంచి 1,70,000 పోతే 3,90,000. కుడి జేబులోది ఎడమ జేబులోకి వెళ్లింది, అంతే. అందుకే అనుభవం ఉన్నవాళ్లు మారకంలో రెండు ధరలనూ పట్టించుకోరు. "బండి ఇచ్చి పైన ఎంత కట్టాలి?" అని ఒక్క మాటే అడుగుతారు. నిజానికి అక్కడున్నది ఆ ఒక్క అంకె. మిగతా రెండూ మనసు కోసం. పాత బండికి ఎక్కువ వచ్చిందనిపిస్తే అమ్మేవాడి మనసు ఊరట పడుతుంది. కొత్తదాని మీద తగ్గించారంటే కొనేవాడి మనసు ఊరట పడుతుంది. ఆ మనసులు రెండూ మనవే కాబట్టి ఏ ఊరట కావాలో చూసి అది ఇస్తారు.

అతన్ని తప్పు పట్టాలని నాకు అనిపించలేదు. షెడ్డు అద్దె ఉంది. టైర్లు మార్పించాలి, గీతలు పోయేలా పాలిష్ పెట్టించాలి, నెలల తరబడి అమ్ముడుపోని బండి మీద వడ్డీ మొయ్యాలి. 2025 జనవరి నుంచి పాత కార్ల మీద జీఎస్టీ చిన్నా పెద్దా అన్నిటికీ 18 శాతం అయింది. అది బండి మొత్తం ధర మీద కాకుండా కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య మిగిలిన లాభం మీదే అయినా, చిన్న కార్ల వాళ్లకు అంతకుముందు 12 ఉండేది. మా బండిని నేనే తెలిసినవాళ్లకు అమ్ముకుంటే ఇంకో ఇరవై వేలు వచ్చేదేమో. కానీ ఎవరో ఫోను చెయ్యాలి, ఎవరో వచ్చి చూడాలి, కాగితాల కోసం తిరగాలి. ఆ తిరుగుడంతా అతను తన నెత్తిన వేసుకుంటున్నాడు. దానికి ధర ఉంటుంది.

ఇలాంటి షెడ్డులో జరిగే దాని గురించే జార్జ్ అకర్లాఫ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1970లో ఒక వ్యాసం ప్రచురించాడు. పాత కారు అమ్మేవాడికి దాని గుణం తెలుసు, కొనేవాడికి తెలియదు. తెలియనివాడు మంచిదానికీ చెడ్డదానికీ మధ్యస్థంగా ఒక ధర చెబుతాడు. ఆ ధరకు మంచి బండి ఉన్నవాడు అమ్మడు, ఇంటికి తోలుకుపోతాడు. చెడ్డవే మిగులుతాయి. అది గ్రహించి కొనేవాడు ఇంకా తగ్గిస్తాడు. అలా మంచివి ఒకటొకటిగా తప్పుకుని చివరకు సంతే చెడిపోతుంది. మూడు పత్రికలు వెనక్కి పంపిన ఆ వ్యాసానికి 2001లో నోబెల్ వచ్చింది, మరో ఇద్దరితో కలిపి. అచ్చు కావడానికి ముందు 1967–68లో ఆయన ఢిల్లీలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో గడిపాడు. కార్ల గురించిన ఆ వ్యాసంలో మన దేశపు ఇల్లాలు కూడా కనిపిస్తుంది. అదే రంగు, అదే ఆకారం ఉన్న రాళ్లను కావాలని కలిపిన బజారు బియ్యంలోంచి రాళ్లేరుకునే ఇల్లాలు.

అది తెలిసినప్పటి నుంచి మా అమ్మ చేట నాకు వేరేగా కనిపిస్తోంది. మధ్యాహ్నం పనులయ్యాక, వెలుతురు పడేలా గుమ్మంలో కూర్చుని, బియ్యం పలచగా పరిచి, వేలి కొసతో ఒక్కొక్క రాయీ పక్కకు నెట్టేది. కొట్టువాణ్ని తిట్టేది కాదు. మళ్లీ అదే కొట్టుకు వెళ్లేది. నమ్మినా ఏరుకునేది, ఏరుకున్నా నమ్మేది. ఆ రెంటికీ వైరం ఉందని ఆవిడకెప్పుడూ అనిపించినట్టు లేదు.

అమెరికాలో లోపమున్న బండిని నిమ్మకాయ అంటారు. అకర్లాఫ్ వ్యాసం పేరులో ఉన్నదీ ఆ మాటే. మనకు నిమ్మకాయ బండి చక్రం కింద ఉంటుంది. ఇంద్రకీలాద్రి కింద పూజ చేయించుకుని, నాలుగు చక్రాల కిందా నాలుగు కాయలు పెట్టి, అవి చితికేలా బండిని ముందుకు కదుపుతాం. కొత్త బండికి ఎంత భక్తితో చేస్తారో చేతులు మారిన బండికీ అంతే భక్తితో చెయ్యడం నేను చూశాను. ఇంతకుముందు దానికి ఏం జరిగిందో మనకు తెలియదు. ఇక ముందు మాత్రం మంచే జరగాలి అన్న కోరిక ఆ చితికిన కాయలో ఉంటుంది.

కాలిక్యులేటర్ ఇంకా నా వైపే తిరిగి ఉంది. నాకు తెలిసి, వాళ్ల కుర్రాడికి దొరకని సంగతి ఒకటి మా బండిలో ఉంది. రెండేళ్ల క్రితం ఎండాకాలంలో ఏలూరు రోడ్డు మీద రేడియేటర్ కారి ఇంజన్ వేడెక్కింది. హెడ్ దించి గాస్కెట్ మార్పించాం. ఆ తర్వాత ఒక్కసారీ ఇబ్బంది పెట్టలేదు. చెప్పకపోతే తెలిసేది కాదు.

చెప్పాను. మంచితనం చూపించుకోవాలని కాదు. మా తాతయ్య ఒకసారి ఆవును అమ్ముతూ, బేరం కుదిరి తువాలు తీసేముందు, "ఎడమ వైపు నించి వెళ్తే తంతది, పిల్లకాయల్ని రానీకండి" అన్నాడు. ఆ మాటకు అవతలివాడు ఒక వేలు తగ్గించాడు. ఇంటికొచ్చే దారిలో ఎందుకు చెప్పావు తాతయ్యా అని అడిగితే, "వాళ్లింట్లోనూ నీబోటి వాడు ఉంటాడుగదరా" అన్నాడు. మా బండి తర్వాత ఎవరి ఇంటికి వెళుతుందో నాకు తెలియదు. మొదటి కారుగా కొనుక్కునే చిన్న సంసారం అయి ఉంటుంది. మండుటెండలో, పిల్లలతో, ఇంజన్ వేడి చూపే ముల్లు పైకి లేస్తుంటే వాళ్లకు తెలియాలి.

అతను ఒక నిమిషం నా వైపు చూసి, కాగితం మీద రాసుకున్నాడు. దానికి అయిదు వేలు తగ్గించాడు. "మరి మీ బండి సంగతి చెప్పండి బాబూ" అన్నాను. "నేను ఒట్టు వెయ్యను మాస్టారూ. నేనూ ఒకళ్ల దగ్గర కొన్నవాణ్నే. మీ మెకానిక్‌ని పిలుచుకోండి. లిఫ్టెక్కించి చూసుకోండి, ఎంతసేపైనా."

నాకు ఆ జవాబు నచ్చింది. అప్పటిదాకా అతనికి అన్నీ తెలుసని, దాస్తున్నాడని అనుకున్నాను. ఒకరినొకరు ఎన్నడూ చూడని ఇద్దరి మధ్య నిలబడ్డ మనిషి అతను. అమ్మినవాడు దాచింది అతనికీ తెలియదు. తెలియనిదాన్ని తెలుసునని చెప్పకుండా, చూసుకోనివ్వడానికి ఒప్పుకున్నాడు. ఈ వ్యాపారంలో అంతకు మించిన మాట నేను ఆశించకూడదు.

మా మెకానిక్ మర్నాడు పొద్దున్నే వచ్చాడు, ఇంజన్ చల్లగా ఉండగానే చూడాలని. స్టార్ట్ చేయించి సైలెన్సర్ దగ్గర కూర్చున్నాడు. నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతోందని, నలుపు వస్తే పెట్రోలు ఎక్కువ కాలుతోందని, తెల్లపొగ ఆగకుండా వస్తే కూలెంట్ లోపలికి దిగుతోందని చెప్పాడు. ఏ పొగా రాలేదు. ఆయిల్ మూత తీసి లోపలి వైపు చూశాడు. మీటరు మీద 42,000 కిలోమీటర్లున్నాయి. అంకెను అతను అసలు చూడలేదు. బ్రేకు పెడల్ రబ్బరు అరుగుదల, స్టీరింగ్ మీద చేతులు పడే చోటి నునుపు, డ్రైవర్ సీటు అంచు, వీటిని చూసి, ఆ తర్వాత సర్వీసు రికార్డుతో సరిపోల్చాడు.

టైరు పక్కన ముద్రించిన నాలుగంకెలు చదివాడు. 3119. అంటే 2019లో 31వ వారం. నాలుగింటిలో మూడు అవే, ఒకటి మారింది. సంతలో మా తాతయ్య గిత్త నోరు తెరిచి చూసేవాడు. పాలపళ్లు రాలి జతలు జతలుగా పళ్లు వస్తాయి. రెండు పళ్లదా, నాలుగు పళ్లదా, ఆరా అన్నదాన్ని బట్టి వయసు. అమ్మేవాడు ఏం చెప్పినా పళ్లు అబద్ధమాడవు. ఆ వేళ్లే ఇప్పుడు టైరు అంచు మీద కదులుతున్నట్టు నాకనిపించింది.

చివరికి సీటు బెల్టు పట్టుకుని మొత్తం బయటకు లాగాడు. కొస దాకా. అది ఎందుకో మా ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలో నిలబడిపోయాయి. సీట్లు మార్చొచ్చు, అత్తరు చల్లొచ్చు, కార్పెట్ కొత్తది వెయ్యొచ్చు. రీలులో చుట్టుకుని ఉండే బెల్టు లోపలి కొసను మాత్రం కడగాలని ఎవరికీ తోచదు. బురద గీత అక్కడ ఉండిపోతుంది. ఆ బెల్టు శుభ్రంగా ఉంది. స్టెప్నీ గుంట, సీట్ల కింది స్క్రూలు కూడా చూశాడు. తుప్పు లేదు. ఎడమవైపు వెనక తలుపు మాత్రం రంగు వేయించారని తేల్చాడు. డీలర్ దాన్ని కాదనలేదు. పైన కట్టాల్సింది 3,75,000 దగ్గర తెగింది.

ఇక కాగితాలు. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టి తేదీలు ఖాళీగా వదిలి ఇవ్వడం ఇక్కడ ఏళ్లుగా ఉన్న అలవాటు. అలా ఇచ్చిన బండి ముగ్గురు నలుగురి చేతులు మారినా ఆర్‌సీలో పేరు మొదటివాడిదే. అలాంటి బండి ప్రమాదం చేస్తే, రికార్డులో ఎవరి పేరుంటే వారే యజమాని, నష్టపరిహారం బాధ్యత వారిదే అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 ఏప్రిల్ నుంచి కొత్త నిబంధన వచ్చింది. డీలర్‌కు రవాణా శాఖ అనుమతి పత్రం ఉండి, బండి అతని చేతికి వచ్చిందని పోర్టల్‌లో తెలియజేస్తే అప్పటి నుంచి అతన్నే యజమానిగా లెక్కిస్తారు. అతని అనుమతి పత్రం చూశాను. తెలియజేసిన రసీదు చేతికొచ్చేదాకా కూర్చున్నాను. అప్పగింత కాగితంలో తేదీతో పాటు గంట, నిమిషం రాయించాను. అద్దం మీది ఫాస్టాగ్ తీసి, ఖాతా మూయించాను. ఇదంతా అతని మీద అపనమ్మకం కాదు. అమ్మ చేట లాంటిదే.

మా బండి నంబరు ప్లేటు మీద ఏపీ 16 ఉంది. ఎక్కడ కనబడినా కృష్ణా జిల్లా బండి అని తెలిసేది. కొత్తగా వచ్చినదాని మీద ఏపీ 39. 2019లో రాష్ట్రమంతటికీ అదే వచ్చింది. షెడ్డులో ఓ మూల, కడగని బండ్ల వరసలో మాదాన్ని నిలబెట్టారు. మా ఆవిడ వెళ్లి దాని బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడింది. అమ్మాయి పుట్టినరోజులకు, మా అత్తగారి ఆసుపత్రి రాత్రులకు, పుష్కరాలకు ఎక్కిన బండి. కాలిక్యులేటర్‌లో వాటికి మీట లేదు. ఉండకూడదు కూడా. అవి మేం అమ్మడానికి తెచ్చినవి కావు.

ఆవును అప్పగించేటప్పుడు మా తాతయ్య పలుపు ఇచ్చేవాడు కాదు. కొన్నవాళ్లు తమ తాడు తెచ్చుకుని కట్టుకున్నాక, తన పలుపు విప్పి చేతికి చుట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. నాయనమ్మ దాన్ని కొట్టంలో మేకుకు తగిలించేది. "గొడ్డును అమ్ముతాం గానీ పాడిని అమ్మంరా" అనేది. ఖాళీ తాడులో పాడి ఎలా ఉంటుందో ఆ వయసులో నాకు అర్థం కాలేదు.

పది రోజుల తర్వాత ఇన్సూరెన్సు కంపెనీ నుంచి ఒక పేజీ ఉత్తరం వచ్చింది. అయిదేళ్లకు పైగా ఒక్క క్లెయిమూ అడగనందుకు మాకున్న నో క్లెయిమ్ బోనస్ 50 శాతం. అది బండితో పాటు పోదు. బండి సొంత నష్టానికి కట్టే ప్రీమియంలో ఆ తగ్గింపు, పాలసీ తీసుకున్నవాళ్ల పేరు మీదే ఉండిపోతుంది. మూడేళ్లలోపు వేరే బండికి వాడుకోవచ్చు. మొదటి ఏడాదికి 20, ఆ తర్వాత 25, 35, 45, 50. జాగ్రత్తగా గడిపిన ఒక్కొక్క ఏడాదికి ఒక్కొక్క మెట్టు. ఈ కొత్త బండి మొదటి యజమాని కూడా తన ఉత్తరం తాను తీసుకుపోయి ఉంటాడు.

ఆ కాగితాన్ని రెండు మూడు సార్లు చదివాను. ఇంజన్, టైర్లు, రంగు, ఏపీ 16, అన్నీ షెడ్డుకు వెళ్లాయి. రోడ్డు మీద ఎవరికీ చెడు చెయ్యకుండా గడిచిన ఏడాదులు మాత్రం ఇంటికి తిరిగొచ్చాయి. నాయనమ్మ మేకుకు తగిలించింది ఏమిటో అరవయ్యో ఏట అర్థమైంది.

మర్నాడు పొద్దున మా అమ్మాయి మొదటిసారి ఆ బండి తీసుకుని గుంటూరు బయల్దేరింది. ఆ ఉత్తరం మడిచి, పాలసీ కాగితాలతో కలిపి, ముందు అరలో నేనే పెట్టాను. "ఇదేంటి నాన్నా?" అంది. "పలుపు" అన్నాను. అర్థం కాక నవ్వి, సీటు బెల్టు లాక్కుని పెట్టుకుంది.